బొక్కల్ల జరం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు పల్లెల్లో పెద్దవాళ్ల నోట ఒక మాట వినిపిస్తుంది. జ్వరం వస్తూ పోతూ, నెలల తరబడి వదలకుండా మనిషిని లోలోపల కరగదీస్తుంటే దాన్ని వాళ్లు మామూలు జరం అనరు. "ఇది పైపై జరం కాదు బిడ్డా, బొక్కల్ల జరం" అంటారు. చదువుకున్నవాళ్లం ఆ మాట విని ఊరుకుంటాం. ఎముకలకు జ్వరమేమిటి అనుకుంటాం. వైద్యశాస్త్రం వందేళ్లకు పైగా వెతికి వెతికి, 2020లో సరిగ్గా ఆ ఎముకల లోపలే ఒక జ్వరం పుట్టుకను కనుక్కుంది. ఆ వెతుకులాట కథ ఇది.

ముందు జబ్బు మనిషిని చూద్దాం. అరవై దాటిన ఇంటిపెద్ద. నిన్నమొన్నటిదాకా పల్లి చేనులో పొద్దంతా నిలబడ్డవాడు ఇప్పుడు నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడు. సాయంత్రానికి చలి, దుప్పటి. తెల్లవారేసరికి చెమట పట్టి బనియను తడిసిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేస్తే రెండు రోజులు నయం. మూడో రోజు మళ్లీ మామూలే. బస్టాండు దగ్గరి ల్యాబులో మలేరియా చూస్తారు, టైఫాయిడ్ చూస్తారు, డెంగీ చూస్తారు. అన్నీ నెగెటివే. తెమడలో టీబీ లేదు. దొరికేది ఒక్కటే: రక్తం తక్కువ.

ఆ రక్త పరీక్ష ఫలితాల సీబీపీ కాగితం ఒకసారి చేతిలోకి తీసుకోండి. పైన హిమోగ్లోబిన్ అంకె. దాని చుట్టూ ల్యాబు కుర్రాడు పెన్నుతో సున్నా చుట్టి ఇస్తాడు. ఇంటిల్లిపాది కళ్లూ దానిమీదే. దాని కిందనే ఎంసీవీ అని ఇంకో గడి ఉంటుంది. ఎర్రకణం సగటున ఎంత లావుందో చెప్పే అంకె అది. మామూలుగా 80కీ 100కీ మధ్య ఉండాలి. ఈయన కాగితంలో 108 అని ఉంది. దాన్ని ఎవరూ చదవరు. ఆ గడిని గుర్తుపెట్టుకోండి. కథ చివరికి మళ్లీ అక్కడికే వస్తాం.

గద్వాల నుంచి కర్నూలు పెద్దాసుపత్రికో, రైలెక్కి హైదరాబాదుకో తీసుకుపోతే అక్కడ తుంటి ఎముకలోకి లావుపాటి సూది దించి, లోపలి మూలుగను లాగి చూస్తారు. మాంసం కూరలో మూలుగ బొక్క అంటామే, ఆ మూలుగే. పుస్తకాల్లో మజ్జ అంటారు. మన ఒంట్లో తిరిగే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ పుట్టేది అందులోనే. ఆ కార్ఖానా ముసలితనంలో గాడి తప్పి, వంకర కణాలను తయారు చేస్తుంటే ఆ జబ్బును మైలోడిస్‌ప్లాసియా అంటారు. రక్తం ఎందుకు తగ్గిందో అక్కడితో తెలిసిపోతుంది. మరి జ్వరం ఎందుకు? డాక్టర్లను దశాబ్దాల పాటు తిప్పలు పెట్టిన ప్రశ్న అదే.

జ్వరం అనగానే క్రిమి కోసం వెతకడం మనకు అలవాటైంది. ఆ అలవాటుకు పునాది పడిన చోట్లలో ఒకటి మన సికింద్రాబాదే. రోనాల్డ్ రాస్ అనే డాక్టరు రెండేళ్ల పాటు దోమ తర్వాత దోమను కోసి చూశాడు. ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, సూక్ష్మదర్శిని కింద ఒక దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలు కనిపించాయి. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని ఆ రోజు తేలింది. అది మహా విజయం. దానికి ముందూ తర్వాతా అలాంటి విజయాలు వరసగా వచ్చాయి. టైఫాయిడ్‌కు ఒక క్రిమి, ప్లేగుకు ఒకటి, కాలా అజార్‌కు ఇంకొకటి. దాంతో జ్వరం ఉందంటే క్రిమి ఉండి తీరాలన్న నమ్మకం డాక్టర్ల మనసుల్లో గట్టిగా నాటుకుపోయింది.

మజ్జ వైపు నుంచి ఇంకొక దారి తెరుచుకుంది. దాన్ని తెరిచినవాళ్లలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తిన్న తిండి ఒంటపట్టక, రక్తం తగ్గిపోయే స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నను పొట్టన పెట్టుకుంది. ఆయననూ పట్టి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో వదిలింది. ఆ జబ్బులో ఎర్రకణాలు లెక్కకు తగ్గిపోతాయి, ఆకారానికి మాత్రం ఉబ్బి లావవుతాయి. ఎంసీవీ పెరగడమంటే ఇదే. బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు గర్భిణుల్లో ఇలాంటి రక్తహీనతనే చూసి, ఈస్ట్ సారంతో అది నయమవుతుందని 1931లో రాసింది. ఆ సారంలో ఉన్న మందు పదార్థమేమిటో మాత్రం తెలియలేదు.

సుబ్బారావు అమెరికాలో నడిపిన లెడర్లీ ప్రయోగశాల ఆ పదార్థాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారు చేయగలిగింది. అదే ఫోలిక్ యాసిడ్. ఈనాడు ప్రతి గర్భిణికీ ఇచ్చే మాత్ర అది. కథ అక్కడితో ఆగలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులిచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా మరింత దూకుడుగా పెరిగినట్టు ఆయనకు అనిపించింది. ఇంకొకరైతే ఆ ఓటమితో వదిలేసేవారేమో. ఆయన దాన్నే తిరగేసి చూశాడు: ఇస్తే పెరిగేది, అడ్డుకుంటే తగ్గదా? అడ్డుకునే మందు అమినోప్టెరిన్. అదీ సుబ్బారావు బృందం తయారు చేసి పంపినదే. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొన్నాళ్ల పాటైనా జబ్బు వెనకడుగు వేసింది. రక్త క్యాన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చన్న ఆశ చిగురించింది.

అదే ఏడాది, అదే ప్రయోగశాలలో, డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్ ఒక పొలం మట్టిలోంచి తీసిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికి వచ్చింది. మజ్జ జబ్బును అణచే మందు, క్రిములను చంపే మందు ఒకే ఇంట తోబుట్టువుల్లా పుట్టాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. ఈ రెండు మందుల జాతులూ రోగి మంచం దగ్గర ఒకదానికొకటి ఎంత అవసరమవుతాయో చూడటానికి ఆయన లేడు.

ఎందుకంటే మజ్జ మీద పనిచేసే మందులతో కొత్త చిక్కు వచ్చింది. క్యాన్సర్ కణాలతో పాటు మంచి తెల్లకణాలూ రాలిపోయేవి. తర్వాత ఏదో ఒక రాత్రి జ్వరం. చీము లేదు, దగ్గు లేదు, ఎక్కడా వాపు లేదు. చీము కట్టడానికైనా తెల్లకణాలుండాలి కదా! రక్తాన్ని కల్చర్‌కు పంపి ఫలితం వచ్చేదాకా ఆగితే, వచ్చేసరికి మనిషి ఉండేవాడు కాదు. జెరాల్డ్ బోడీ, ఎమిల్ ఫ్రైరైక్ తదితర వైద్యులు రక్త క్యాన్సర్ రోగుల లెక్కలు ఓపికగా పేర్చి 1966లో ఒక సూత్రం చెప్పారు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వెయ్యి కంటే తగ్గుతున్న కొద్దీ ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయి. వందకు దిగితే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ.

1971లో బాల్టిమోర్‌లోని స్టీఫెన్ షింప్ఫ్ బృందం ఒక అడుగు ముందుకేసింది. క్రిమి పేరు తెలిసేదాకా ఆగవద్దు, తెల్లకణాలు పడిపోయిన మనిషికి జ్వరం వచ్చిన వెంటనే రెండు బలమైన యాంటీబయాటిక్స్ మొదలుపెట్టండి అని చేసి చూపించింది. ఈరోజు మన హైదరాబాద్ క్యాన్సర్ ఆసుపత్రుల్లో కీమో తర్వాత జ్వరమంటే అర్ధరాత్రి అయినా పరుగెత్తి రమ్మంటారే, ఆ నియమం అక్కడి నుంచి వచ్చింది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో చెప్పలేం.

అయినా లెక్కలో కొందరు మిగిలిపోయారు. 1961లోనే పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే ఇద్దరు వైద్యులు మూడు వారాలు దాటినా కారణం అంతుపట్టని జ్వరాలను 100 మందిలో తరచి చూశారు. 36 మందికి ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ తేలింది. కొందరికి క్యాన్సర్, కొందరికి కీళ్లవాతపు జాతి జబ్బులు. ఎంత వెతికినా ఏమీ దొరకనివాళ్లు ఏడుగురు. మైలోడిస్‌ప్లాసియా ఉన్న కొందరు ముసలివాళ్లు కూడా ఇలాగే మిగిలిపోయేవారు. కల్చర్లలో ఏమీ రాదు. ఎన్ని యాంటీబయాటిక్స్ ఇచ్చినా జ్వరం దిగదు. స్టెరాయిడ్ ఇస్తే మాత్రం మంత్రం వేసినట్టు దిగిపోతుంది. మోతాదు తగ్గించగానే తిరిగి ఎక్కుతుంది.

వాళ్ల ఒంటిమీద ఇంకా ఎన్నో గుర్తులుండేవి. చర్మంమీద నొప్పెట్టే ఎర్రటి దద్దుర్లు. చెవి దొప్పలు, ముక్కు మృదులాస్థి ఎర్రబడి వాయడం. కళ్లమంట, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డకట్టడం. ఒక్కో గుర్తు ఒక్కో డాక్టరు గదికి దారి చూపింది. చర్మం డాక్టరు ఒక పేరు పెట్టాడు, కీళ్ల డాక్టరు ఇంకొకటి, రక్తం డాక్టరు మూడోది. ఒకే మనిషి నాలుగు ఫైళ్లు చంకన పెట్టుకుని నాలుగు గదుల ముందు కూర్చునేవాడు. నాలుగు పేర్లూ వాటి మట్టుకు సరైనవే. నాలుగింటికీ కలిపి మూలం ఒకటుందని చూసినవారు లేరు.

క్రిమి లేకుండా కూడా జ్వరం వస్తుందని నిరూపించే పని అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో డాన్ కాస్ట్‌నర్ భుజాన వేసుకున్నాడు. మధ్యధరా సముద్ర తీరపు కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న ఒక జ్వరం వెనక ఉన్న జన్యువును 1997లో ఆయన బృందమూ, ఫ్రాన్స్ బృందమూ వేర్వేరుగా పట్టుకున్నాయి. 1999లో ఆయన సహచరులతో కలిసి ఇలాంటి జబ్బులకు స్వయం తాప వ్యాధులు అనదగ్గ పేరు పెట్టాడు. పొలిమేర దాటి శత్రువు రాకముందే కాపలాదారులు తమ ఊరికే నిప్పు పెట్టుకున్నట్టు, ఒంటి రక్షణ వ్యవస్థ తనంతట తానే రాజుకోవడం వీటి లక్షణం.

ఆయన పద్ధతి కుటుంబాలతో నడిచేది. తాత, తండ్రి, కొడుకు, ఎవరికి జ్వరం ఉంది, ఎవరికి లేదు, వాళ్ల డీఎన్ఏలో తేడా ఏమిటి అని పోల్చాలి. మన ముసలివాళ్ల దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. వాళ్ల తండ్రికి ఈ జబ్బు లేదు, పిల్లలకు లేదు. అరవయ్యో ఏట ఒంటరిగా మొదలైన జబ్బు జన్యువుల జబ్బు ఎలా అవుతుంది? ఏళ్ల తరబడి రక్త నమూనాలు ఫ్రీజర్లలో పేరుకుపోయాయి. జవాబు వాటిలోనే ఉంది. దాన్ని అడగాల్సిన తీరులో ఎవరూ అడగలేదు.

కాస్ట్‌నర్ దగ్గర పనిచేస్తున్న డేవిడ్ బెక్ అనే యువ వైద్యుడు ప్రశ్నను తలకిందులు చేశాడు. అందరూ రోగుల్ని లక్షణాలవారీగా వరసలో నిలబెట్టి జన్యువు కోసం వెతుకుతున్నారు. లక్షణాలను పూర్తిగా పక్కన పెట్టి, జన్యువు వైపు నుంచి మొదలుపెడితే? చర్మం ఫైలు, కీళ్ల ఫైలు అన్న తేడా లేకుండా అందరినీ ఒకే కుప్పగా పోసి, ఒకే చోట అక్షరం మారినవాళ్లెవరో చూస్తే?

ఏ జన్యువులతో మొదలుపెట్టాలి? కణంలో పాడైన ప్రొటీన్లను ఏరి పారేయడానికి ఒక ఏర్పాటుంది. మార్కెట్ యార్డులో పుచ్చిపోయిన బస్తా మీద గుర్తు వేస్తే హమాలీలు దాన్ని పక్కకు లాగేసినట్టు, పాత ప్రొటీన్ మీద యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు పడుతుంది. ఆ మర్మం విప్పిన ముగ్గురికి 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఏర్పాటులో లోపం వల్ల చిన్న వయసులోనే మొదలయ్యే జ్వర వ్యాధులను కాస్ట్‌నర్ బృందం 2016లో గుర్తించి ఉంది. అందుకే బెక్ దానికి సంబంధించిన 800కు పైగా జన్యువులను ఎంచుకున్నాడు. కారణం తెలియని జ్వరాలు, వాపులు, పేరులేని జబ్బులున్న 2,560 మంది జన్యుపటాల్లో వాటిని జల్లెడ పట్టాడు.

ముగ్గురు తేలారు. ముగ్గురూ మగవాళ్లే, నడివయసు దాటినవాళ్లే. ముగ్గురిలోనూ యూబీఏ1 అనే జన్యువులో సరిగ్గా 41వ చోట అక్షరం మారింది. యుబిక్విటిన్ గుర్తును మొట్టమొదట చేతిలోకి తీసుకునేది ఈ యూబీఏ1 ఎంజైమే. ఆ తొలి చేయి పడిపోతే తర్వాతి పనంతా ఆగిపోతుంది. అయితే ఒక విషయం పొసగలేదు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే. కాబట్టి పుట్టుకతో అక్షరం మారి ఉంటే ఒంట్లో అంతటా మారి ఉండాలి. వీళ్లలో పాత అక్షరమూ కనిపించింది, కొత్త అక్షరమూ కనిపించింది, రెండూ కలగలిసి. ఇలాంటి ఫలితం వస్తే యంత్రం పొరపాటనుకుని పక్కన పెట్టేయడం తేలిక.

బెక్, సహచరులు దాన్ని పక్కన పెట్టలేదు. కణాలను రకాలవారీగా విడదీసి చూశారు. చర్మ కణాల్లో మార్పు లేదు. రక్తంలోని లింఫ్ కణాల్లో లేదు. మజ్జలోని మూలకణాల్లో ఉంది, వాటి నుంచి పుట్టిన కొన్ని జాతుల తెల్లకణాల్లో ఉంది. చిక్కుముడి ఒక్కసారిగా విడిపోయింది. ఈ మార్పు తండ్రి ఇచ్చింది కాదు, తల్లి ఇచ్చింది కాదు. బతుకు మధ్యలో ఏదో ఒక రోజు, ఎముక లోపల, ఒకే ఒక్క మూలకణంలో అక్షరం తారుమారైంది. ఆ కణం పిల్లల్ని పెట్టింది. వాటి పిల్లలు మజ్జనంతా ఆక్రమించాయి. అందుకే అరవై ఏళ్లకు మొదలైంది, అందుకే ఇంట్లో ఇంకెవరికీ లేదు. ఆ కణాల్లో చెత్త పేరుకుని, లేని శత్రువు కోసం అవి మంట రాజేస్తున్నాయి. జ్వరం పుట్టేది అక్కడ, మూలుగలో.

అప్పుడు పాత మజ్జ స్లైడ్లను మళ్లీ తీసి చూశారు. కాల్చేటప్పుడు జొన్నరొట్టె మీద లేచే బుడగల్లా, పుడుతున్న రక్తకణాల లోపల గుండ్రటి ఖాళీలు. అవి అంతకుముందూ కనిపించినవే. మద్యం వల్ల, రాగి లోపం వల్ల కూడా అలాంటి బుడగలు వస్తాయి కనుక అవి ప్రత్యేకంగా ఏదో చెబుతున్నాయని తట్టలేదు. యూబీఏ1ను దెబ్బతీసిన జీబ్రాచేపల్లోనూ తాపం రేగింది. రక్తనాళాల వాపు జబ్బుల నిపుణుడు పీటర్ గ్రేసన్, మార్సెలా ఫెరాడా తమ దగ్గరున్న రోగుల్లో వెతికితే మరికొందరు దొరికారు. మొత్తం 25 మంది. అందరూ మగవాళ్లే. వేర్వేరు గదుల్లో వేర్వేరు పేర్లతో తిరిగినవాళ్లు ఒకే చూరు కిందికి వచ్చారు. 2020 అక్టోబర్‌లో ఈ సంగతి ప్రకటించి జబ్బుకు వెక్సాస్ అని పేరు పెట్టారు. అప్పటికే ఆ 25 మందిలో 10 మంది చనిపోయారు. తమ జబ్బు పేరు తెలియకుండా వెళ్లిపోయినవాళ్ల రక్తం కూడా ఈ జవాబులో ఉంది. అది తలచుకుంటే మనసు బరువెక్కుతుంది.

ఇక ఆ మర్చిపోయిన గడి. చెవి, ముక్కు మృదులాస్థి వాచే జబ్బున్న 92 మందిని ఫెరాడా బృందం పరీక్షిస్తే ఏడుగురిలో వెక్సాస్ బయటపడింది. వాళ్లను మిగతావాళ్ల నుంచి వేరుచేసే సులువైన గుర్తేదని చూసి 2021లో చెప్పారు: రోగి మగవాడై, ఎంసీవీ 100 దాటినా, ప్లేట్‌లెట్లు 2 లక్షల లోపున్నా అనుమానించండి. అన్నేళ్లు ఎవరికీ అందని జాడ, ఏ చిన్న ఊరి ల్యాబైనా ఇచ్చే సీబీపీ కాగితంలో అచ్చయి ఉంది. సుబ్బారావు ఇంట్లో చావుకు కారణమైన జబ్బులో కనిపించే లావెక్కిన ఎర్రకణమే ఇక్కడా గుర్తుగా నిలిచింది. 2023లో పెన్సిల్వేనియాలో 1,63,096 మంది జన్యుపటాలు చూస్తే 11 మందిలో ఈ మార్పు కనిపించింది. ఆ 11 మందికీ రక్తహీనత ఉంది. 50 దాటిన మగవాళ్లలో సుమారు 4,269 మందికి ఒకరు అని లెక్క తేలింది. అరుదే, కానీ ఎక్కడో దూరదేశపు వింత కాదు.

దీనికి తేలికైన మందు ఇంకా లేదు. స్టెరాయిడ్లు మంటను అణుస్తాయి. కొన్ని కొత్త మందులు కొందరికి ఊరటనిస్తాయి. తట్టుకోగల ఒళ్లయితే మజ్జ మార్పిడి జబ్బును మొదలంటా తీసేయగలదు.

మన దగ్గర మజ్జ జబ్బున్నవాళ్లకు జ్వరం వస్తే ముందు వెతకాల్సింది ఇన్‌ఫెక్షన్‌నే, అందులోనూ టీబీని. ఎంసీవీ పెరిగితే ముందు చూడాల్సింది బీ12, ఫోలిక్ యాసిడ్ లోపాన్నే. ఆ మెట్లు ఎక్కకుండా ఊళ్లో స్టెరాయిడ్ సూది వేయిస్తే దాగున్న టీబీ చెలరేగి ప్రాణం మీదికి వస్తుంది. అన్నీ చూశాక కూడా జ్వరం నిలిచే ఉంటే, అప్పుడు రక్తంలో యూబీఏ1 జన్యు పరీక్ష అడగాలి.

వనపర్తిలో, నాగర్‌కర్నూలులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. తర్వాత గద్వాలకూ ఒకటి వచ్చింది. ఒకప్పుడు ఈ ఊళ్లున్న పాలమూరు ప్రాంతం నుంచి పనికోసం, వైద్యంకోసం ఊళ్లకు ఊళ్లు బయటికి వెళ్లేవి. ఇప్పుడు తెల్లకోట్ల పిల్లలు ఇక్కడే వార్డుల్లో తిరుగుతున్నారు. ఏదో ఒక ఉదయం వాళ్లలో ఒకరి ముందు ఒక ముసలాయన వచ్చి కూర్చుంటాడు. నాలుగు మడతలు పడి, చెమటకు మెత్తబడిన సీబీపీ కాగితం జేబులోంచి తీసి ఇస్తాడు. "బొక్కల్ల జరం పట్టింది సారూ" అంటాడు. ఆ అమ్మాయో అబ్బాయో హిమోగ్లోబిన్ దగ్గర ఆగకుండా ఇంకో గడి కిందికి చదవాలి. ఆయన అన్న మాటను కొట్టిపారేయకుండా వినాలి.